బురద రొట్టె మెట్లు

మా ఊళ్లో డోనాట్స్ తెలియనివాళ్లు లేరు. ఆయన గొంతు ఎలా ఉంటుందని అడిగితే మాత్రం ఎవరూ చప్పున చెప్పలేరు. భుజాల గురించి అడగండి, పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చునే ఆవిడ కూడా రెండు చేతులూ చాచి చూపిస్తుంది. ఆయన లోపలికి వస్తే గదిలో వెలుతురు కాస్త తగ్గుతుంది. అలాంటి మనిషి ఏళ్ల తరబడి మా ఊరి గాన బృందంలో బేస్ పాడుతున్నాడు. బేస్ అంటే అందరికన్నా కింది గొంతు. పాడుతున్నాడు అనే మాట మర్యాద కోసం వాడాను.

మా దేశం తూర్పు కొసన ఉన్న ఈ లత్గాలె ప్రాంతంలో ఎటు నడిచినా ఏదో ఒక సరస్సు అడ్డం వస్తుంది. డోనాట్స్ పుట్టింది అలాంటి ఒక సరస్సు ఒడ్డునే. తండ్రి సోవియట్ రోజుల్లో సామూహిక క్షేత్రానికి సరస్సు అడుగు బురద తవ్వి పొలాలకు ఎరువుగా తోలేవాడు. ఇల్లంతా ఆ వాసన. ఆ వాసన నుంచి ఎలాగైనా బయటపడాలని డోనాట్స్ సాంకేతిక కళాశాలలో చేరాడు, బుద్ధిగా చదివాడు, అక్కడే కట్టడపు సామాన్లు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం సంపాదించాడు. ఇటుకలూ కాంక్రీటు దిమ్మెలూ ప్రెస్సులో పెట్టి విరగ్గొట్టడం ఆయన పని. చాలా ఏళ్లు సుఖంగా విరగ్గొట్టాడు. ఆ తర్వాత రాజధాని రీగా నుంచి ఒక డాక్టరు వచ్చాడు. మందులిచ్చే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. సిమెంటు రోజులు అయిపోయాయి, ఇక భవిష్యత్తంతా ప్రకృతి ఇచ్చిన జిగురుదే అన్నాడు. ఆ జిగురు ఎక్కడ దొరుకుతుందని అడిగితే కిటికీలోంచి సరస్సు వైపు వేలు చూపించాడు.

అలా తండ్రి వదిలిన బురద దగ్గరికే కొడుకు తెల్లకోటు వేసుకుని తిరిగి వచ్చాడు.

ఆ బురదని కలిపే పని నాది. వేల ఏళ్లుగా సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి నల్లటి బురద అది. దాన్ని నురగ వచ్చేదాకా చిలకాలి. నార తీసేశాక మిగిలిన అవిసె కాడల తునకలు అందులో కలపాలి. అచ్చులో పోసి ఆరబెడితే నల్లగా, గుల్లగా, పిల్లిపిల్లంత బరువున్న దిమ్మె తయారవుతుంది. చూడ్డానికి అచ్చం మా రై గింజల రొట్టె. డాక్టరు గారు దానికి పెట్టిన పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. మేం బురద రొట్టె అనేవాళ్లం.

నేను చేసిన రొట్టెల్ని డోనాట్స్ నలిపేవాడు. ఆయనకి ఆ పని నచ్చేది కాదు. కాంక్రీటు పోయేటప్పుడు గొప్పవాళ్లు పోయినట్టు పోతుంది. పెద్ద చప్పుడు, దుమ్ము, ఇంత బరువు దగ్గర పోయిందని అందరికీ చెప్పుకోవచ్చు. ఈ నురగ దిమ్మె అలా కాదు. బరువు పెడితే అణుగుతుంది. ఇంకా పెడితే ఇంకాస్త అణుగుతుంది. అంతేగాని పోదు. అందుకని తన ఎత్తులో పదో వంతు అణిగిన చోట ప్రెస్సు ఆపేసి, దీని బలం ఇంత అని రాసుకోవాలని నియమం పెట్టారు.

"ఇదేం పరీక్ష జెనా," అనేవాడు డోనాట్స్. "చచ్చిందా అంటే చావలేదు. బతికిందా అంటే ఒకప్పటంత లేదు."

"మనం మాత్రం ఏం వెలగబెడుతున్నాం?" అనేదాన్ని.

ఆయన భార్య వెరొనికా చనిపోయిన ఏడాది, క్రిస్మస్ కచేరీకి వచ్చి డోనాట్స్ చివరి వరసలో ఒక్కడే కూర్చున్నాడు. మా బృందం నిలబడి పాడే మెట్లు సామూహిక క్షేత్రం వడ్రంగులు ఓక్ చెక్కతో చేసినవి. మోయడానికి చేసినవి కావు, శాశ్వతంగా ఉండటానికి చేసినవి. చేయించిన రాజ్యం పోయింది, మెట్లు పోలేదు. ఆ రోజు మగవాళ్లలో పై గొంతు పాడే మా టెనర్లు నలుగురు ఒక మెట్టు పట్టుకుని, నువ్వెత్తంటే నువ్వెత్తని తోసుకుంటున్నారు. డోనాట్స్ లేచి వచ్చాడు. కోటు విప్పి ఒక కుర్చీ మీద వేశాడు. ఒక్కో మెట్టునీ వీపు మీద వేసుకుని వేదిక మీదికి చేర్చాడు. మా బృందాన్ని నడిపించే లియొంతీనె టీచరు గారు ఆ భుజాల్ని పైనుంచి కిందికి చూసింది.

"మీరు పాడతారా?"

"తెలీదు టీచర్ గారూ. ఎప్పుడూ చూసుకోలేదు."

"బేస్ అయ్యుంటారు," అని ఆమె తేల్చేసింది.

అప్పట్నుంచీ మంగళవారం, శుక్రవారం డోనాట్స్ అందరికన్నా ముందు వచ్చి మెట్లు వేసేవాడు, అందరికన్నా వెనక మెట్లు తీసి వెళ్లేవాడు. మధ్యలో పాడేవాడు. మొదటి చరణం బాగానే ఉండేది. రెండో చరణం ఫరవాలేదు. చివరి చరణానికి వచ్చేసరికి ఆ గొంతు చప్పుడు చేయకుండా కిందికి జారేది. పక్కవాళ్లు ఆయన్ని పట్టుకుని తామూ జారేవాళ్లు. వాళ్ల ముందు నిలబడే మేం, ఆడవాళ్లలో కింది గొంతు పాడే ఆల్టోలం, ఎటు పోవాలో తెలియక వాళ్ల వెంటే పోయేవాళ్లం. పాట అయ్యాక టీచరు గారు శ్రుతి చూసే ఇనప ఫోర్కుని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. పంటినొప్పి ఉన్నవాళ్లు మూసుకున్నట్టుగా.

ఆయనకి ఎవరూ చెప్పలేదు. మనిషి తప్పు మొహం మీద చెప్పడం మా వైపు మర్యాద కాదు. ఆ ఒక్క మనిషికి తప్ప ఊరందరికీ చెబుతాం.

అయిదేళ్లకోసారి రీగాలో పాటల పండగ జరుగుతుంది. దేశంలోని బృందాలన్నీ పైన్ చెట్ల మధ్య ఉన్న ఆ పెద్ద వేదిక మీద ఒక్కసారిగా నిలబడి పాడతాయి. ఆ వేదిక ఎక్కాలంటే ముందు జిల్లా కేంద్రంలో న్యాయనిర్ణేతల ముందు నెగ్గాలి. డోనాట్స్ చేరినప్పట్నుంచీ ఒక్క పండగా తప్పలేదు. ఒకసారి అక్కణ్నించి తిరిగొస్తుంటే బస్సులో నాతో అన్నాడు: "అంతమందిలో నా గొంతు నాకే వినపడదు జెనా. ఎంత హాయిగా ఉంటుందో." ఆయనకున్నది ఒక ఇల్లు, ఒక పిల్లి, మంగళవారం, శుక్రవారం, అయిదేళ్లకోసారి ఆ హాయి.

ఈసారి పండగ ఏడాది మొదలవుతూనే వాకిట్లో మంచు పారతో ఎత్తిపోస్తుంటే డోనాట్స్‌కి నడుం పట్టేసింది. మా బృందానికి పెద్దగా ఉండే బోలెస్లావ్స్ మా ఊరి మందుల షాపాయన. ఆయనకి తెలిస్తే అందరికీ తెలిసిపోతుందని డోనాట్స్ బస్సెక్కి పొరుగూరు పోయి మందు కొనుక్కొచ్చేవాడు. ప్రయోగశాలలో నాకు ఒకవైపు బురద వాసన, ఇంకోవైపు కర్పూరం వాసన.

"ఏమయ్యా, నడుమేనా?" అన్నాను.

"ష్. ఎవరితోనూ అనకు."

"మెట్లు ఎలా మోస్తున్నావు మరి?"

"పళ్లు బిగబట్టి." ప్రెస్సు కింద దిమ్మె సర్దుతూ నా వైపు చూడకుండా అన్నాడు. "మెట్టు ఎత్తలేని బేస్‌ని ఎవరుంచుకుంటారు జెనా? ఈ పండగ ఒక్కటి వెళ్లొస్తే చాలు. తర్వాత సంగతి తర్వాత."

ఆ మాటంటుంటేనే ఆయన చెయ్యి ఆగిపోయింది. చేతిలో ఉన్న బురద రొట్టెని పైకెత్తి చూశాడు, కిందికి దించి చూశాడు, అరచేతిలో ఎగరేశాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా దాని చుట్టూ కళ్లు తిప్పాడు.

"దీంతో మెట్లు చేస్తే?"

డాక్టరు గారు ఆనందంగా ఒప్పుకున్నాడు. తన దిమ్మెల మీద మనుషులు నిలబడి పాడుతున్న ఫొటో ఒకటి దొరికితే ఆయనకి చాలు. నేను చిలుకుతూ పోయాను, డోనాట్స్ అచ్చులు పోస్తూ పోయాడు. ఆరిన దిమ్మెల్ని ఒకదానికొకటి అతికించి, పైన విరిగిన పాలూ సున్నమూ కలిపిన పూత పూసి, దాని మీద నల్లటి గుడ్డ బిగించాడు.

"పైన ఒక చెక్క పలక వెయ్యవయ్యా," అన్నాను.

"పలక వేస్తే మళ్లీ బరువే కదా. ఇంక ఇంత కష్టం ఎందుకు?"

అదీ నిజమే అనిపించింది.

శుక్రవారం, మేం రిహార్సలు చేసే సాంస్కృతిక భవనంలో వాటిని పరీక్షించాం. బయటి బూట్లతో ఆ చెక్కనేల మీద అడుగు పెట్టే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు. మంచూ బురదా అంటిన బూట్లు గుమ్మం దగ్గరే వదిలి, ఎవరి సంచిలోంచి వాళ్లు మెత్తటి చెప్పులు తీసి వేసుకుంటారు. ఉన్నితో చేసినవి, కుందేలు చెవులు కుట్టినవి, అమ్మమ్మ అల్లిన మేజోళ్లు. లియొంతీనె టీచరు గారు కూడా ఎర్రటి ఉన్ని చెప్పులతోనే మమ్మల్ని తిడుతుంది. అలా బృందమంతా మెత్తని కాళ్లతో కొత్త మెట్లెక్కింది. బోలెస్లావ్స్ రెండుసార్లు ఎగిరి దూకాడు. ఆయన భార్య అపొలోనియా ఆడవాళ్లలో పై గొంతు పాడే సోప్రానో వరసకి నాయకురాలు, బాగా ఒళ్లున్న మనిషి. దూకనంది కాని గట్టిగా నిలబడింది. రిహార్సలంతా వాటి మీదే చేశాం. డోనాట్స్ ఇనప స్కేలు పట్టుకుని మోకాళ్ల మీద పాకుతూ మెట్టు మెట్టూ కొలిచాడు.

"వెంట్రుకవాసి కూడా అణగలేదు," అన్నాడు లేచి. ఆయన మొహం అంతలా వెలగడం వెరొనికా పోయాక నేను చూడలేదు.

రిహార్సలు అయ్యాక ఇద్దరు సోప్రానో అమ్మాయిలు ఒక మెట్టుని చెరో చేత్తో ఎత్తుకుని నవ్వుకుంటూ గదిలో పెట్టేశారు. ఇంకో ఇద్దరు ఇంకోటి. డోనాట్స్ అలవాటు కొద్దీ ముందుకి వచ్చాడు, మిగిలింది ఏమీ లేదు. ఆ పెద్ద చేతుల్ని ఏం చెయ్యాలో తోచక కాసేపు జేబుల్లో పెట్టుకున్నాడు, కాసేపు వెనక కట్టుకున్నాడు, చివరికి దీపాలు ఆర్పేశాడు. మేమింకా లోపలే ఉన్నాం.

కోట్లు తగిలించే గదిలో నా చెప్పు ఒకటి కనిపించక బల్ల కింద వెతుకుతుంటే, కోట్లకి అవతల బోలెస్లావ్స్ గొంతు వినిపించింది.

"టీచర్ గారూ, ఇన్నాళ్లూ మెట్ల కోసం ఆయన్ని ఓర్చుకున్నాం. ఇప్పుడా అవసరం కూడా లేదు. ఇప్పుడైనా ధైర్యం చెయ్యకపోతే ఇంకెప్పుడు చేస్తాం?"

"ఎలా చెప్పమంటారు ఆయనకి? ఆ మెట్లు చేసిందే ఆయన."

"చెప్పడమెందుకు? హాల్లో కూర్చుని మనమెలా వినిపిస్తున్నామో చూసిపెట్టమనండి. ఒక పదవి ఇచ్చినట్టుంటుంది. జిల్లాలోనూ అంతే, రీగాలోనూ అంతే."

టీచరు గారు చెప్పులు సంచిలో సర్దుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత, "శ్రుతి నిలబడుతుందంటారా?" అంది.

"ఆయన లేకపోతే ఎందుకు నిలబడదు?"

సోమవారం నుంచీ ప్రయోగశాలలో నాకు కాలు నిలవలేదు. డోనాట్స్ ఈల వేస్తూ దిమ్మెలు నలుపుతున్నాడు. ఆ ఈల కూడా చివరికి కిందికే జారుతోంది. మూడో రోజు చెప్పేశాను. విన్నంతసేపూ ప్రెస్సు మీది ముల్లునే చూస్తూ ఉండిపోయాడు.

"నేను శ్రుతి తప్పుతానా?"

"తప్పవు. జారతావు. చివర్లో."

"ఎంత?"

"కొంచెం."

"కొంచెమంటే ఎంత జెనా? పదో వంతా?"

నవ్వాలో ఏడవాలో తెలియక, "ఆ, అంతే ఉంటుంది," అన్నాను.

"అయితే లెక్క ప్రకారం అక్కడ ఆపెయ్యాల్సిందే," అని ప్రెస్సు ఆపాడు. దిమ్మె తీసి పక్కన పెట్టాడు. కాసేపయ్యాక, "ఇన్నేళ్లూ ఒక్కళ్లూ చెప్పలేదే!" అన్నాడు.

"చెబితే బాధపడతావని."

"ఇప్పుడు పడట్లేదా?"

"ఆ మెట్లు ఇవ్వకు. విరిగిపోయాయని చెప్పు. మళ్లీ ఓక్ మెట్లే గతి అవుతుంది, నువ్వు లేకుండా కుదరదు."

డోనాట్స్ నా వైపు అదోలా చూశాడు. "విరగలేదుగా," అన్నాడు. అంతే. ఆ వారమంతా ఆ మెట్లకే గుడ్డ విప్పి ఇంకో పూత పూశాడు.

టీచరు గారు తర్వాతి మంగళవారం ఆయన్ని పక్కకి పిలిచి హాల్లో కూర్చునే పదవి ఇచ్చింది. ఆమె ముందుగా తయారుచేసుకున్న మాటలు సగం కూడా కాకముందే ఆయన, "అలాగే టీచర్ గారూ, మంచి ఆలోచన," అన్నాడు. ఆమె మిగతా సగం మాటల్ని ఏం చెయ్యాలో తెలియక ఆయన కోటు గుండీ సర్దింది.

పోటీకి ఆడవాళ్లందరం ఒక్కలా కనిపించాలని కొత్త బూట్లు తెప్పించారు. ఎంపిక అపొలోనియాది. నల్లవి, సన్నటి ఎత్తు మడమ, చీలమండ చుట్టూ తిప్పి బిగించుకునే పట్టీ. వాటితో నడవడం కష్టమే. కానీ మేం నడవడానికి వెళ్లడం లేదుగా, నిలబడ్డానికి వెళుతున్నాం అంది. సాంస్కృతిక భవనం చెక్కనేల మీదికి అవి ఎలాగూ రాకూడదు కాబట్టి ఎవరూ వాటిని తొడుక్కుని మెట్లెక్కి చూడలేదు. చీలమండలు బెణక్కుండా ఇంట్లో అలవాటు చేసుకున్నాం. అదీ తివాచీ మీద.

జిల్లా కేంద్రంలో మెట్లు వేదిక మీద పెట్టడానికి మాకు పట్టిన సమయం చూసి మిగతా బృందాలవాళ్లు కుళ్లుకున్నారు. డోనాట్స్ ఒంటరిగా హాల్లోకి వెళ్లి నాలుగో వరసలో, న్యాయనిర్ణేతల వెనక కూర్చున్నాడు. తమ పెళ్లికి వెరొనికా అల్లిచ్చిన టై కట్టుకున్నాడు. మేం ఎక్కాం. ఆడవాళ్లం కింది రెండు మెట్లమీద, బల్లపరుపు బూట్ల మగవాళ్లు మా వెనక పైమెట్టు మీద.

మొదటి పాట బాగా వచ్చింది. మధ్యలో ఎక్కడో నా మడమ కింద పల్చటి మంచు పగిలినట్టు చిన్న చప్పుడైంది. తర్వాత కాలివేళ్లు పైకి లేస్తున్నట్టు, నేను వెనక్కి వాలుతున్నట్టు అనిపించింది. పక్కకి చూడకూడదు. కదలకూడదు. టీచరు గారి చెయ్యి తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు నిలబడాలని చిన్నప్పటి నుంచీ బళ్లో మాకందరికీ నూరిపోశారు. ఎవరూ చూడలేదు, ఎవరూ కదలలేదు. రెండో పాట నడుస్తుండగా నాకు ముందున్న అపొలోనియా తల మెల్లిగా కిందికి వెళ్లడం కంటి చివరి నుంచి తెలుస్తూనే ఉంది. సోప్రానో వరసంతా కలిసికట్టుగా, ఒకే వేగంతో, కళ్లార్పకుండా కిందికి దిగుతోంది. ఎదురుగా చూస్తున్న టీచరు గారు అదేదో తన కళ్లజోడు లోపమనుకుని పాట మధ్యలో ఎడమచేత్తో దాన్ని సర్దుకుంది.

రెండో పాట అయిపోయింది. చప్పట్లు. టీచరు గారు వంగి నమస్కారం చేసి, దిగమని మాకు కళ్లతో చెప్పింది. ఒక్కరూ కదల్లేదు.

"దిగండి," అంది పెదాలు కదలకుండా.

"దిగలేం," అంది అపొలోనియా చిరునవ్వు చెదరకుండా.

"ఏమిటీ?"

"పాతుకుపోయాం."

వంగి పట్టీలు విప్పుకోవచ్చు. కానీ పోటీ వేదిక మీద, న్యాయనిర్ణేతల ముందు, నల్ల పట్టు గౌనులో వంగి బూటు విప్పుకునే ఆడది మా లత్గాలెలో ఇంకా పుట్టలేదు. వెనక మగవాళ్లు దిగాలంటే మేం అడ్డం. చప్పట్లు తగ్గిపోయి, ఇంకా నిలబడే ఉన్నారేమని జనం మొహాలు చూసుకుంటున్నారు. న్యాయనిర్ణేతల్లో ఒక ముసలావిడ, ఇంకోటి పాడాలని మాకు చాలా ఆశగా ఉన్నట్టుందని జాలిపడి మళ్లీ చప్పట్లు కొట్టింది.

"పాడేద్దాం," అంది టీచరు గారు మళ్లీ చెయ్యెత్తి. ఎవరూ అడగని మూడో పాట మొదలుపెట్టాం.

అది పడవలో పెళ్లికి పోతున్న పిల్ల పాట. చరణాలు చాలా ఉన్నాయి. మామూలుగా కొన్ని వదిలేస్తాం. ఆ రోజు ఒక్కటీ వదల్లేదు. నేను కింద పడిపోకుండా ఉండటానికి దృష్టిని ఎక్కడో ఒకచోట నిలపాలని నాలుగో వరసలో డోనాట్స్ మొహం మీద నిలిపాను. ఆయన చెవి కాస్త పక్కకి తిప్పి, ఇచ్చిన పదవికి న్యాయం చేస్తూ వింటున్నాడు. నాలుగో చరణం దాటాక ఆయన కనుబొమలు లేచాయి. శ్రుతి జారుతోంది. చప్పుడు చేయకుండా, నున్నగా, ఎప్పటిలాగే. సోప్రానోలు ముందు, వాళ్ల వెంట మేము, మా వెంట బేస్ వరస. డోనాట్స్ లేని బేస్ వరస. ఆయన మొహంలో ముందు సంతోషం కనిపించింది. వెంటనే, సంతోషించినందుకు సిగ్గు. పోయిన పర్సు పక్కింట్లో దొరికినవాడు ఎటు చూడాలో తెలియక చూసినట్టు చూశాడు.

చివరి చరణం మొదలవుతుండగా ఆయన లేచాడు. జనం మోకాళ్లు దాటుకుని, పక్క మెట్లెక్కి వేదిక మీదికి వచ్చి, మేం పాడుతుండగానే అపొలోనియా ముందు మోకరిల్లాడు. కచేరీలో ఇదొక భాగమనుకుని జనం నవ్వుతూ చూస్తున్నారు. పాట అయ్యేసరికి ఆమె పట్టీలు రెండూ విప్పేశాడు.

"నా భుజాలు పట్టుకోండి."

"నా బరువు మీకు తెలీదు డోనాట్స్," అంది అపొలోనియా గుసగుసగా.

"ఓక్ మెట్టు కన్నా తేలికే ఉంటారు."

"చాలా సంతోషం!"

"కొంచెం తేలిక," అని నిజాయితీగా సరిదిద్దుకుని, ఆమెని ఎత్తి నేల మీద పెట్టాడు. బూట్లు మాత్రం మెట్టులోనే నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత పక్కావిడ, ఆ పక్కావిడ. చప్పట్లు మొదలయ్యాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన నుదుటి మీద చెమట.

"దిమ్మె పోలేదు జెనా," అన్నాడు పట్టీ విప్పుతూ. "చెప్పులతో చూశాం. మడమ సంగతి తట్టలేదు. అరికాలి కింద అంత బరువూ పరుచుకుంటుంది. మడమ కింద వేలి గోరంత చోటే."

"నీ నడుమో?"

"దాని సంగతి ఎత్తకు."

నన్ను దించాడు. నా తర్వాత ఇంకొకరిని దించాడు. ఆ మనిషిని దించి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఎంత చూసినా లేవడు. ప్రేక్షకులు అది నమస్కారమనుకున్నారు. ఒక మనిషి అంత వినయంగా, అంతసేపు నమస్కారం చేయడం వాళ్లెప్పుడూ చూసి ఉండరు. హాలంతా లేచి నిలబడింది. వాళ్లు కొట్టేకొద్దీ ఆయన లేవలేక అలాగే ఉన్నాడు. ఆయన లేవకపోయేకొద్దీ వాళ్లు కొడుతూనే ఉన్నారు. చివరికి బోలెస్లావ్స్ పైమెట్టు మీంచి వెనక్కి దూకి వచ్చి, ఇంకో ఇద్దరు టెనర్ల సాయంతో, ఆయన్ని ఆ వంగిన ఆకారంలోనే మోసుకుపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి ఉందిది? నా షాపుకి రాలేదేం?" అని తెర వెనక బోలెస్లావ్స్ కేకలు.

"నీ షాపుకి వస్తే ఊరంతా తెలుస్తుందిగా," అన్నాడు డోనాట్స్ నేలని చూస్తూ.

"నేను ఎవరికైనా చెప్పానా ఎప్పుడైనా?"

"ఎవరికి చెప్పలేదు? నేను శ్రుతి జారతానని నాకు తప్ప అందరికీ చెప్పావు."

బోలెస్లావ్స్ సంచిలోంచి సీసా తీశాడు. మందు పూయడం మొదలుపెట్టాడు.

మా బృందం నెగ్గింది. గొప్పగా కాదు, పండగకి వెళ్లడానికి సరిపడా. శ్రుతి గురించి న్యాయనిర్ణేతలు ఒక మాట అన్నారు, అది ఎవరూ బయటికి చెప్పుకోవడం లేదు. చెప్పుకుంటున్నది ఇంకో మాట: వేదిక మీద ఇంత నిశ్చలంగా, ఇంత క్రమశిక్షణతో నిలబడ్డ బృందాన్ని ఈ మధ్య చూడలేదట. డాక్టరు గారికి ఫొటో దొరికింది. అందులో మనుషులు లేరు, మెట్టులో నిలబడ్డ బూట్లే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో డోనాట్స్‌ని బస్సు వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టాం. ఆడవాళ్లందరం మేజోళ్లతోనే ఉన్నాం. లియొంతీనె టీచరు గారు లేచి వెళ్లి ఆయన తల దగ్గర కూర్చుంది. వాళ్ల ముందు సీటు నాదే. వినకుండా ఉండటానికి నేను పెద్దగా ప్రయత్నించలేదు.

"మూడో పాట చివర, టీచర్ గారూ..."

"విన్నాను."

"నేను హాల్లో కూర్చుని ఉన్నానండి అప్పుడు."

"కనిపించారు."

సరస్సు ఒకటి పోయింది, ఇంకో సరస్సు వచ్చింది. ఆమె సంచిలోంచి రై రొట్టె ముక్క, షాజీరా వేసిన చీజ్ తీసి ఆయన చేతిలో పెట్టింది. పడుకుని తినడం చేతకాక ఆయన టై మీదంతా పొడి రాల్చుకున్నాడు.

"శుక్రవారం రిహార్సలు, ఆరింటికి," అందామె. "ఆలస్యం చెయ్యొద్దు."

"మెట్లు మొయ్యలేనండి ఇక. మోయకూడదని పొరుగూరి వైద్యుడు ఎప్పుడో చెప్పాడు."

"మెట్ల కోసం రమ్మన్నానా? పాడటానికి రండి."

ఆయన టై మీది పొడి దులుపుకుంటున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

"రీగాకి కూడానా?" అన్నాడు.

"మన బేస్ వరసలో అందరూ వస్తున్నారు. మీరెందుకు రారు?" ఆమె లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది. "కాస్త మెల్లిగా పాడండి, అంతే."

శుక్రవారం మళ్లీ ఓక్ మెట్లు బయటికి తీశారు. అటు నలుగురు, ఇటు నలుగురు, బోలెస్లావ్స్ వేలు నలిగి ఒక బూతు మాట. డోనాట్స్ గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అలా కాదు, మోకాలు వంచాలి. నడుం కాదయ్యా, మోకాలు! ఎడమవైపు దించండి. అబ్బా, చెక్కని అలా ఈడుస్తారా ఎవరైనా?"

ఇన్నేళ్లలో ఆయన నోట మేం అన్ని మాటలు విని ఎరగం. అరగంటలో ఆయన్ని భరించడం కష్టమైపోయింది. టెనర్లలో ఒకడు, మోసేటప్పుడే ఈ మనిషి నయం అన్నాడు, వినపడేటట్టుగానే.

తర్వాత పాట మొదలైంది. డోనాట్స్ సరిగ్గా నా వెనక. ఇచ్చిన మాట ప్రకారం ఎంత మెల్లిగా పాడుతున్నాడంటే, పాడుతున్నాడో ఊపిరి పీలుస్తున్నాడో నాకు తెలియలేదు. పక్కవాళ్లకి ఆనుకోవడానికి గొంతు దొరక్క వాళ్లూ తగ్గారు. రెండో చరణానికి మా కింద బేస్ అనేదే లేకుండా పోయింది. టీచరు గారు చెయ్యి గాల్లో ఆపి, మొహం చిట్లించింది.

"బేస్‌లూ, నిద్రపోతున్నారా? ఏదీ, ఇంకాస్త గట్టిగా!"

నా వెనక ఒక పెద్ద ఊపిరి. ఆ తర్వాత డోనాట్స్, టీచరు గారు తనని పేరు పెట్టి పిలిచినట్టుగా, గదిలో కిటికీ అద్దాలు అదిరేలా అందుకున్నాడు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ చేతిని తగ్గించమన్నట్టు కిందికి తిప్పబోయి, ఎందుకో మానేసి, చివరి చరణంలోకి మమ్మల్ని నడిపించింది.